బాకోబా అని రాసిన అమ్మాయి

తొమ్మిదో తరగతిల నన్ను బాగ సతాయించింది ఒక్క లెక్కనే. దీర్ఘచతురస్రం కర్ణాలు రెండు సమానమని నిరూపించాలె. చూస్తనే సమానమని తెలుస్తది, స్కేలు పెట్టి కొలిచినా అంతే వస్తది. కొలిచి చెప్పుడు నిరూపించుడు కాదని మా లెక్కల సారు అంటుండె. రెండు త్రిభుజాలు సర్వసమానమని చూపెడితే కర్ణాలు వాటంతటవే సమానమైతయట. ఆ రెండు త్రిభుజాలే నాకు దొరకకపోతుండె. అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటయ్. కర్ణాలు కోసుకున్న కాడ ఏర్పడ్డ నాలుగు చిన్న ముక్కలే నా కండ్లకు ఆనుతుండె.

అప్పుడు మేం కరీంనగర్ల ఉంటుంటిమి. మాది మహారాష్ట్ర సరిహద్దు కాడి భైంసా. బాపుకు గ్రానైటు ఫ్యాక్టరీల గుమాస్తా పని దొరికితే నా ఆరో తరగతిల ఇటు వచ్చినం. వచ్చిన కొత్తల నా మాటల నడుమ మరాఠీ ముక్కలు పడుతుండె. క్లాసు పిల్లలు వాటిని మళ్ల మళ్ల అనిపిచ్చుకొని నవ్వేటోళ్లు. ఏడాది తిరిగేలోపల ఆ ముక్కలన్నీ ఏరి పారేసిన. తొమ్మిదికి వచ్చేసరికి నాకు మరాఠీ వస్తదని బడిల ఎవలికీ ఎరుక లేదు.

దసరా సెలవులైనంక క్లాసులకు ఒక కొత్త అమ్మాయి వచ్చింది. వాళ్ల నాయన పత్తి జిన్నింగు మిల్లుల ఫిట్టరు, నాందేడ్ దిక్కు నుంచి వచ్చిండు. ఆమె అప్పటిదాంక మరాఠీలనే చదువుకుంది. తెలుగు చెప్తే కొంచెం సమజైతుండె గాని రాయరాకపోతుండె.

ఒకనాడు సారు ఆ కర్ణాల లెక్క బోర్డు మీద ఎవలు చేస్తరని అడిగితే ఆమె ఒక్కతే లేచింది. దీర్ఘచతురస్రం గీసి మూలలకు ఏ, బీ, సీ, డీ అని పెట్టింది. దాని పక్కన ఏబీసీ, బీఏడీ త్రిభుజాలను విడదీసి వేరువేరుగ గీసింది. ఏబీ రెండింట్లనూ ఉంది. బీసీ, ఏడీ ఎదురెదురు భుజాలు కాబట్టి సమానం. వాటికి, ఏబీకి నడుమ ఉన్నవి లంబకోణాలు. ఇదంత మరాఠీల రాసి, ఆఖరుకు నియమం పేరు పైకి చదివింది. "బాకోబా."

క్లాసంత గొల్లున నవ్వింది. బాజూ అంటే భుజం, కోన్ అంటే కోణం. బాజూ, కోన్, బాజూ అన్న మాటల మొదటి అక్షరాలని నాకు అక్కడికక్కడే తెలిసింది. తెలిసి కూడ నవ్విన. సారుకు మరాఠీ రాదు. బొమ్మ మంచిగుంది గాని తెలుగుల రాయకుంటే పరీక్షల మార్కులు రావని చెప్పి తుడిచెయ్యమన్నడు. ఆమె తుడిచేలోపల ఆ బొమ్మను మాత్రం నా నోట్సుల దించుకున్న.

ఇంటికి పోయి చూసుకుంటే ఆ రెండు త్రిభుజాలు పక్కపక్కన నిలబడి ఉన్నయ్. ఒకే గీత రెండు త్రిభుజాలకూ భుజం కావచ్చన్న సంగతి అప్పటిదాంక నాకు తట్టలే. నోట్సు మూసి మొదటి నుంచి నేనే రాసిన. ఎక్కడా ఆగలే. మస్తు సంతోషమైంది. ఆ వెంటనే, తెలిసి కూడ నేను నవ్వుడు యాదికొచ్చింది.

తెల్లారి లెక్కల పీరియడ్ల లేచి నిలబడ్డ.

"సార్, నిన్న ఆమె రాసింది కరెక్టే. బాకోబా అంటే మన భుజం, కోణం, భుజం నియమమే."

"నీకెట్ల ఎరుక?"

"మాది భైంసా సార్. నాకు మరాఠీ వస్తది."

సారు ఆమెను పిలిచి మళ్ల రాయమన్నడు. ఆమె ఒక్కో వరుస రాస్తుంటే నేను తెలుగుల చెప్పిన. సారు దాన్ని పక్కన రాసిండు. ఆనాటి నుంచి ఆమె పక్కన కూర్చొని తెలుగు నేర్పే పని నాకు అప్పజెప్పిండు. కొన్ని రోజులు పిల్లలు మా ఇద్దరినీ బాకోబా అనే పిలిచిండ్రు.

మొదటి రోజే నాకు అర్థమైందని, అయినా నవ్విన్నని ఆమెకు చెప్పేసరికి వారం పట్టింది. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంట మరాఠీల అన్నది.

"తెలుసు. అందరు నవ్వినంక నువ్వు నవ్వినవ్."

ఆ ఒక్క మాటకే నా మొఖం కాలిపోయింది. ఆమె డబ్బా మూత మళ్ల తీసి, మిగిలిన సగం భాక్రీ రొట్టె నా దిక్కు జరిపింది.

చలికాలమంత ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. కర్ణాలు ఒకదాన్నొకటి సగం చేస్తయన్నది మేమిద్దరం వాకిట్ల కూర్చొనే నిరూపించుకున్నం. కానీ లెక్కలు అయిపోయినా ఆమె పోకపోయేది. మా నాయనమ్మ పోనియ్యకపోయేది. నాయనమ్మ భైంసాల ఉన్నన్ని రోజులు ఇంటి చుట్టుపక్కలోళ్లతోని మరాఠీల ముచ్చట పెట్టిన మనిషి. కరీంనగర్ వచ్చినంక ఆమెకు పలికేటోళ్లే లేకుండె. నేను కూడ మరాఠీ బంద్ చేస్తినని ఆమె ఎన్నడూ అనలే. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని పత్తి గురించి, జొన్నల గురించి, ఎవలి పెండ్లి ఎట్ల అయిందో చెప్పుకుంట నవ్వుతుంటే, అంత మాట్లాడే మనిషా అని మా అమ్మ కూడ ఆశ్చర్యపోయేది.

ఎండకాలం మిల్లు బంద్ అయితే వాళ్లు తిరిగి నాందేడ్ దిక్కు పోయిండ్రు. ఆమె తొమ్మిదో తరగతి మంచి మార్కులతోనే పాసైంది, లెక్కల్ల నా కంటే ఎక్కువ. పోయేముందు వాళ్ల నాయన ఫోన్ నెంబరు ఇచ్చింది. రెండు నెలలు మాట్లాడుకున్నం, తర్వాత ఆ నెంబరు కలువలే. నాయనమ్మ మాత్రం చానా రోజులు అడిగింది. ఆదివారం వస్తే చాలు, వాకిట్ల చాప పరిచి, ఆ పిల్ల రాలేదా అనేది. రాదు నాయనమ్మా అని నేనే పోయి పక్కన కూర్చునేది, మరాఠీల మాట్లాడుకుంట.