అయస్కాంతం నిలవని తలుపు

ముత్తుకూరులో మా పొలాలన్నీ పోయాక మిగిలింది తాతగారి స్పోర్ట్స్ కారు ఒక్కటే. నిరుడు దాన్ని చూడటానికి చెన్నై నుంచి పాత కార్లు కొనే ఒకాయన వచ్చారు.

"ఈ బండికి గీత కూడా పడలేదు. మా ఇంటి మాట చాలదా?" అన్నాను.

ఆయన బండి ఒళ్లంతా అయస్కాంతం ఆనించి చూశారు. ఎడమ తలుపు మీద అది నిలవక కిందపడింది. అక్కడ రంగు కింద, రేకు మీద సొట్ట పూడ్చిన పుట్టీ మందంగా ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

వసారాలోంచి మా మేనత్త అంది: "నువ్వు పుట్టినావని కబురు రాంగానే మీ నాయన ఆ తొందర్లో గేటుకి గుద్దేసినాడురా! తాత చంపుతాడని గుట్టుగా పూయించినాడు."

ధర తగ్గించారు, ఒప్పుకున్నాను. "ఆ తలుపు మార్పిస్తాను," అన్నారాయన.

"దాన్ని మాత్రం అలాగే ఉంచండి," అని చేతులు పట్టుకున్నాను. జీవితంలో నేను ఒకరిని బతిమాలింది అప్పుడే.