అరవై రెండో పేజీ

దయ్యాలను నేను నమ్మను. మా గల్లీ చివర ఒక పాడుబడ్డ ఇల్లుంది. దాని గురించి అందరూ ఏవేవో చెబుతుంటే, సెలవు రోజున వెళ్లి ఆ ఇంటి మెట్ల మీద కూర్చొని తేనెటీగల మీద ఒక పుస్తకం సగం చదువుకొని వచ్చాను. చీమలు కుట్టాయి తప్ప ఇంకేమీ జరగలేదు. ఎవరైనా వింత సంగతి చెబితే ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ రాసుంది అని అడగడం నా అలవాటు. ఇప్పుడు ఆ ప్రశ్నలే నాకు నేను వేసుకుంటున్నాను.

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాను హోల్‌సేల్ దుకాణంలో పదహారేళ్లుగా ప్యాకింగ్ పని చేస్తున్నాను. బడి తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా అఫ్జల్‌గంజ్ వైపున్న గ్రంథాలయంలోనే. ఒక పుస్తకాల అర పూర్తయ్యాక ఇంకో అర పట్టుకుంటాను. ముఖ్యమనిపించిన మాటను పుస్తకం నంబరు, పేజీ నంబరుతో సహా నోటుబుక్కులో రాసుకుంటాను. దుకాణంలో నన్ను ‘లైబ్రరీ సాబ్’ అంటారు. అది వెక్కిరింపే అయినా నాకు బాగానే ఉంటుంది.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు, పొద్దున పదకొండు దాటాక, మా హమాలీ యాదగిరి తపేలాల దొంతరతో నిచ్చెన దిగుతూ జారిపడ్డాడు. పడేటప్పుడు కుడి అరచేయి నేలకు ఆనించాడు. లేచి కూర్చొని ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు.

మణికట్టు చూడగానే నాకు అర్థమైంది. ఫోర్కును బల్ల మీద పెడితే మెడ దగ్గర ఎలా వంగి లేచి ఉంటుందో, చెయ్యి అచ్చం అలా ఉంది. అరచేయి ఊనుకొని పడినవాళ్లకు మణికట్టు పైన ఎముక విరిగితే ఈ ఆకారం వస్తుందని ప్రథమ చికిత్స పుస్తకంలో చదివాను. బొమ్మ కూడా దించుకున్నాను. ఫోర్కులు అమ్మే దుకాణంలో పనిచేసేవాడికి ఆ పోలిక మరచిపోవడం కష్టం.

హమాలీల్లో పెద్దవాడు సలీం భాయ్ ముందుకొచ్చాడు. "బొక్కలు సరిజేసే పహిల్వాన్ దగ్గరికి తీస్కపోదాం. ఒక్క గుంజు గుంజి కట్టు కడ్తడు. మా తమ్మునికి గట్లనే చేసిండు."

"గుంజొద్దు భాయ్. ఎముక ఇరిగింది. గుంజితే లోపల నరాలకు దెబ్బ తగుల్తది," అన్నాను.

"ఎక్స్‌రే నీ కండ్లల్లనే ఉందా ఏంది?"

అందరూ నవ్వారు. యాదగిరి నవ్వలేదు. "అన్నా, నాకీ చెయ్యి గావాలె. మూట ఎత్తేది దీంతోనే," అన్నాడు. అప్పటికే ఎవరో చాయ్ తెచ్చారు. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి, తాగొద్దన్నాను.

"చాయ్ మీద గూడ రాసిండ్రా నీ బుక్కుల?" అన్నాడు సలీం భాయ్. కానీ గ్లాసు మాత్రం పక్కన పెట్టించాడు.

యాదగిరి చేతికున్న రాగి కడియం తీయించాను. వాపు వచ్చాక అది రాదు. వంకరను సరిచేయకుండా, చెయ్యి ఉన్నది ఉన్నట్టుగానే అట్టముక్క మీద ఆనించి, ఖాళీల్లో తువ్వాలు మడిచి పెట్టాను. అటూ ఇటూ రెండు పొడవాటి అట్లకాడలు. వాటి కాడలు చదునుగా ఉంటాయి. ఇంకో తువ్వాలు చింపి పట్టీలు చేసి కట్టాను. చేతిని మెడకు వేలాడదీశాను. ఇదంతా పుస్తకం చెప్పినట్టే చేశాను.

ముడి మాత్రం పుస్తకంలోది కాదు. అది నా చేతులకు అలవాటైన ముడి. గిన్నెల కట్ట ఎంత దూరం పోయినా లోపల చప్పుడు రాకూడదని బిగించి వేసే ముడి. గిన్నెలు వాయవనీ, చెయ్యి వాస్తుందనీ ఆ క్షణంలో నాకు తట్టలేదు.

ఆటోలో యాదగిరికి ఒకపక్క నేను, ఇంకోపక్క సలీం భాయ్ కూర్చున్నాం. ఉస్మాన్‌గంజ్ దగ్గర లారీలు అడ్డం తిరిగి ఆటో ఆగిపోయింది. పావుగంటైనా కదల్లేదు.

"అన్నా, వేళ్లల్ల చీమలు పారినట్టు అయితుంది," అన్నాడు యాదగిరి.

"దెబ్బకు గట్లనే ఉంటది. జర ఓర్చుకో," అన్నాను. పుస్తకం చదివినవాణ్ని కదా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ బొమ్మ ఉన్న పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో రెండు ముక్కలు రాశారు. అక్షరాలు కుడివైపుకు వాలి, గట్టిగా ఒత్తి రాసినట్టు ఉన్నాయి. ‘గోళ్లు చూడు. నేను చూడలేదు.’

ఆ మాటలు పైకే అన్నాను. సలీం భాయ్ "ఏంది?" అన్నాడు. నేను గోళ్లు చూశాను. నీలంగా ఉన్నాయి. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడింది. ఎరుపు తిరిగి రాలేదు.

ముడి విప్పబోతే రాలేదు. విప్పడానికి వేసే ముడి కాదది. సలీం భాయ్ జేబులోని ప్యాకింగ్ బ్లేడు తీసి పట్టీలు కోశాడు. కొద్దిసేపటికి గోళ్లలో రంగు వచ్చింది. యాదగిరి ఏడుస్తూనే వేళ్లు కదిపాడు. ఈసారి పట్టీ కింద నా వేలు దూరేంత వదులుగా కట్టాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చర్మం మీద పడ్డ పట్టీల గుర్తులు చూసింది. జరిగింది చెప్పాను. ఎముక ఎలాగూ అతుక్కునేది, ఆ బిగువు అలాగే ఉంటే చెయ్యి దక్కేదో లేదో అన్నది. తర్వాత అట్లకాడలు నాకు తిరిగిచ్చింది.

యాదగిరి ఇప్పుడు మూటలు ఎత్తుతున్నాడు. అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ని కాదు.

సిమెంటు కట్టు విప్పిన వారం సలీం భాయ్ నన్ను పట్టుకున్నాడు. "ఆ బుక్కు నాకొకసారి చూపియ్యి. చదవరాకపోతే ఏమాయె, చూస్త." ముప్పై ఏళ్లుగా ఆ గ్రంథాలయం ముందు నుంచే బండి తోసుకుపోయిన మనిషి, మొదటిసారి చెప్పులు దులుపుకొని లోపలికి వచ్చాడు.

అర నాకు తెలిసిందే. పుస్తకం తీసి తిప్పాను. అరవయ్యో పేజీ తర్వాత అరవై అయిదు ఉంది. మధ్యలో రెండు కాగితాలు లేవు.

ఎవరో ఈమధ్యే చింపారనుకొని కౌంటరు దగ్గరి అమ్మకు చూపించాను. ఆమె అట్ట లోపలివైపు అతికించిన చీటీ చూపించింది. బైండింగ్ చేయించినప్పుడే 61 నుంచి 64 వరకు పేజీలు లేవని రాసి ఉంది. కింద ముద్ర, తేదీ ఉన్నాయి. నేను ఆ గ్రంథాలయంలో మొదటిసారి అడుగుపెట్టడానికి తొమ్మిదేళ్ల ముందటి తేదీ అది. ఆ పుస్తకానికి రెండో ప్రతి లేదన్నది.

సంచిలోంచి నా నోటుబుక్కు తీశాను. అందులో నా చేతిరాతే. అదే పుస్తకం నంబరు. పేజీ 62. ఫోర్కు బొమ్మ, దాని పక్కన విరిగిన మణికట్టు బొమ్మ. కింద, ‘అంచున పెన్సిల్ రాత’ అని రాసి, ఆ రెండు ముక్కలు.

సలీం భాయ్ నోటుబుక్కునూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. "మరి నువ్వు ఏడ చదివినవ్ భాయ్?"

నోటుబుక్కులోని నంబరును పుస్తకం మీది నంబరుతో మళ్లీ సరిచూశాను, రెండూ ఒకటే.

వేరే పుస్తకంలో చూసి నంబరు తప్పుగా వేశానేమోనని ఆ అరలో ఉన్న వైద్యం పుస్తకాలన్నీ నెలరోజులు తిరగేశాను. ఆ బొమ్మ మరో రెండింటిలో ఉంది. పెన్సిల్ రాత ఎందులోనూ లేదు. నోట్సు రాసేటప్పుడు నేనే కల్పించి ఉంటానా? అలా కల్పించేవాణ్ని అయితే ‘గోళ్లు చూడు’ అని రాసేవాణ్నేమో. ‘నేను చూడలేదు’ అని ఎందుకు రాస్తాను? అప్పటికి నేను ఎవరి చేతికీ కట్టు కట్టలేదు.

ఆ రాసిన మనిషి ఎవరో, ఎవరి చెయ్యి పోయిందో కనుక్కోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఈ పేజీ సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

గ్రంథాలయం పుస్తకంలో గీతలు గీసేవాళ్లంటే నాకు చిరాకు. పదహారేళ్లలో ఒక్క చుక్క కూడా పెట్టలేదు. పోయిన సెలవు రోజున మాత్రం అరవయ్యో పేజీ అడుగున, కనీకనిపించకుండా, పెన్సిల్‌తో రెండు మాటలు రాసి వచ్చాను.

‘నేను చూశాను.’