నిప్పు చూపించి గంట కొట్టవలెను

మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు వేపకొమ్మకి ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. మాచర్ల లైనులో తీసేసిన పాత పట్టా. నలుగురు మనుషులు మోసుకొచ్చారని ఊరు చెప్పేది, నాలుగు బళ్ల ఇరుసులు విరిగాయని నేను చెప్పేవాణ్ణి. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే కృష్ణ అవతల పొదుగుతున్న కోళ్లు కూడా గుడ్లొదిలి లేచేవి. మాకు అదే గంట. ఇల్లంటుకుంటే దాన్ని కొట్టాలి, విన్నవాళ్లు బిందెలతో పరిగెత్తాలి. అరవైల మొదట్లో ఊరి చివర మా పేటలో కప్పులన్నీ గడ్డివే. వేసవిలో బావిలోకి చేద వేస్తే సగం బురద వచ్చేది.

నేను పంచాయతీ గుమాస్తాని. మా పేట నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని. కుర్చీకి ఉన్నవి మూడు కాళ్లే అయినా అందులో నేను కలెక్టరులా కనబడతానని మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేది.

పేట చివరింట్లో ఒక ముసలామె ఉండేది. బంధుత్వమేమీ లేదు గానీ నాకు పెద్దమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నది ఒక గుడిసె, ఒక గేదె. పాలు టీకొట్టుకి పోసి బతికేది. ఒకసారి గుడిసె కాలిపోయింది. అప్పటినుంచి పొగ కనబడితే ఆమె కాళ్లు నిలిచేవి కావు. ఊరికి పడమట సున్నపు బట్టీలున్నాయి. సాయంత్రం వాటి పొగ గాలికి వంగి సరిగ్గా పేట మీదికి వచ్చేది. పెద్దమ్మ వచ్చి గంట కొట్టేది. మేం బిందెలతో ఉరికేవాళ్లం. బట్టీవాళ్లు బీడీలు కాల్చుకుంటూ మమ్మల్ని తమాషా చూసేవాళ్లు.

ఆ వేసవిలో అలా ఐదుసార్లు ఉరికాం. నేను యాభై అని ప్రచారం చేశాను. నా యాభై విని పంచాయతీ సభ్యులకి పౌరుషమొచ్చి తీర్మానం చేశారు. ఉత్తినే గంట కొట్టినవారు ఇంటింటికీ వెళ్లి "నిప్పు లేదు, నాదే పొరపాటు" అని చెప్పవలెను. అంతవరకు ప్రెసిడెంటు గారి మాట. "ఇకమీదట గంట కొట్టదలచినవారు ముందుగా నిప్పును గుమాస్తాకు కంటికి చూపించవలెను" అన్నది మాత్రం నా సొంత పైత్యం. రాశాక నాకే ముచ్చటేసి రెండుసార్లు పైకి చదువుకున్నాను.

వారం తిరక్కముందే పెద్దమ్మ మళ్లీ బట్టీ పొగ చూసి కొట్టింది. మర్నాడు ఇంటింటికీ తిరిగింది.

"ఏమే, ఇయ్యాల కూడా లేదా నిప్పు? మా పొయ్యిలోకన్నా కాస్త తేకపోయినావా?" అంది ఒకావిడ.

"లేదులే అక్కా. నాదే పొరపాటు."

మా గుమ్మం దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఒరేయ్, నీక్కూడా చెప్పాలంటరా? రాసింది నువ్వేగందా?"

"చెప్పాలి పెద్దమ్మా, రూలు."

"అయితే ఇనుకో. నిప్పు లేదు, నాదే పొరపాటు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం నేను పైనున్న పంచాయతీ సమితి ఆఫీసుకి రిపోర్టు రాస్తున్నాను. రూలు వచ్చిన తరువాత ఆ ఒక్కటి తప్ప వృథా గంట లేదని, ఈ పద్ధతి దేశమంతటా పెట్టదగినదని. అప్పుడు పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది.

"అబ్బాయ్, ఒకసారి బయటికి రా. పేటకాడ పొగ లేస్తంది."

"బట్టీ పొగేలే."

"మిట్టమద్దేనం బట్టీ ఏందిరా? చానా నల్లగుంది."

"ఈ లైను అయిపోనీ. కూర్చో."

"నే పోయి కొట్టనా?"

"చూశాకే కొట్టాలి పెద్దమ్మా."

ఆమె గడప మీద కూర్చుంది. దేన్నైనా పదింతలు చేసి చెప్పే నేను, ఆ లైను ఎంతసేపు రాశానో మాత్రం ఎప్పుడూ తగ్గించే చెబుతాను. రెండు నిమిషాలంటాను. రెండు కాదు.

బయటికొచ్చేసరికి పేట చివర మంట తాటిచెట్టంత నిలబడి ఉంది. ఇందులో నేను కలిపిందేమీ లేదు. పెద్దమ్మ అప్పటికే సుత్తి పట్టుకుని గంట పక్కన నిలబడింది. కొట్టలేదు. నా మొహంలోకి చూసి, "ఇది నిప్పేనా అబ్బాయ్?" అంది.

సుత్తి లాక్కుని నేనే కొట్టాను.

జనం ఎప్పుడూ రానంత వేగంగా వచ్చారు. గుమాస్తా చూశాకే కొడతారు కాబట్టి నిజమేనని నమ్మారట. అప్పటికే మూడు గుడిసెలు పోయాయి. గేదె పలుపు తెంపుకుని బయటపడింది గానీ వీపంతా కాలింది. పొదుగు కాలింది. మళ్లీ పాలివ్వలేదు.

మర్నాడు పెద్దమ్మ ఆఫీసుకొచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"ఒరేయ్, ఇప్పుడెవురు తిరగాలిరా ఇల్లిల్లూ?" అంది. నిజంగానే అడిగింది. రూల్లో ఏముందో నాకే తెలుస్తుందని. నేను తీర్మానాల పుస్తకం తిరగేస్తుంటే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మొదటింటితో మొదలుపెట్టాను. "నిప్పు ఉంది. నాదే పొరపాటు." ఎవరూ నవ్వలేదు. ఒకాయన నవ్వబోయి ఆగాడు. చివరింటికి వచ్చేసరికి ఇల్లు లేదు. బూడిదలో గేదెని నిలబెట్టి పెద్దమ్మ దాని వీపుకి వేపనూనె రాస్తోంది.

"పెద్దమ్మా, నిప్పు..." అన్నాను.

ఆమె తిరిగి చూడకుండానే చెయ్యి చాపింది.

"ఆ నూనె గిన్నె ఇటందుకో ముందు."