దెబ్బ లేని కట్టు

మొన్న బజారులో పూలకొట్టు దగ్గర ఆగాను. కొట్టు నడిపే అమ్మాయి బకెట్లో నానేసిన అరటినార కట్టలోంచి ఒక పోగు లాగి కనకాంబరాలు కట్టడం మొదలుపెట్టింది. పక్కనే సెల్‌ఫోన్‌లో పాట గట్టిగా మోగుతోంది. తడిసిన అరటినారకు ఒక వాసన ఉంటుంది, కొంచెం పులుపు, కొంచెం పచ్చిబురద. ఆ వాసన తగిలితే చాలు, అరవై దాటిన నేను ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణయిపోయి, తలకు తెల్లగుడ్డ కట్టుకుని సీతారావమ్మ గారి తోటలో మామిడి అంట్లకు నీళ్ళు పోస్తూ ఉంటాను. ఆవిడ మీకెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఆవిడ గురించి మంచిగా చెప్పగా నేను పెద్దగా వినలేదు. గయ్యాళి అనేవారు, నెలకు నాలుగు రోజులు తలుపేసుకుని పడుకునే బద్ధకస్తురాలు అనేవారు. అందుకే నేను చెప్పాలనుకుంటున్నాను.

ఎనభైల మొదట్లో మా వైపు ఊళ్ళలో కబడ్డీ అంటే పిచ్చి. నేను కూతకు వెళితే అవతలి జట్టులో ఇద్దరిని తాకకుండా తిరిగొచ్చేవాణ్ణి కాదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది. మొదటి దెబ్బ ఉంగుటూరులో ఆడుతున్నప్పుడు తగిలింది. ఒకడి మోకాలు నా కణతకు తగిలి కాసేపు కళ్ళముందు ఏమీ లేకుండా పోయింది. ముఖాన సోడా కొట్టారు. లేచి మళ్ళీ కూతకు వెళ్ళాను. గెలిచినందుకు కన్నా లేచినందుకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. రెండోది బాపులపాడులో, తలా తలా గుద్దుకున్నాయి. రెండు రోజులు వాంతులయ్యాయి, మూడో రోజుకు మళ్ళీ ఆటలో ఉన్నాను. అది మొండితనమో మూర్ఖత్వమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, మూర్ఖత్వమే.

మూడోది విస్సన్నపేటలో. నలుగురు మీద పడితే తల నేలకు కొట్టుకుంది. అయినా లేచాను. తర్వాతి కూతలో ఒకణ్ణి తాకాను, వెనక్కి తిరిగాను, గీత దాటాలని పరిగెత్తాను. దాటింది మధ్యగీత కాదు, వాళ్ళ వెనక గీత. నా వైపు ఏదో నాకు తెలియలేదు. మైదానమంతా ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. మేం ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో ట్రాక్టరు మీద ఎవరూ నా పక్కన కూర్చోలేదు. వారం తిరిగేసరికి నేను మ్యాచ్ అమ్ముకున్నానని ఊళ్ళో చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఎండ నాకు శత్రువైంది. వాకిట్లోకి వస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టుండేది. అమ్మ స్టీలు గ్లాసు కింద పెట్టినా తల పగిలిపోయేది. మాట మధ్యలో మాట మరిచిపోయేవాణ్ణి. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, గిన్నెలు చప్పుడు చేసిందని అమ్మ మీదకు కంచం విసిరాను. ఆ కంచం ఇప్పటికీ నా చేతిలోంచి వెళుతూనే ఉంటుంది. విజయవాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. డాక్టరు గారు ఫోటో వెలుతురుకు పెట్టి చూసి, "పగులేమీ లేదు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలి, ఆట జోలికి పోకూడదు" అన్నారు. మా వాళ్ళకు మొదటి ముక్కే వినపడింది. పగులు లేదు కాబట్టి జబ్బు లేదు. జబ్బు లేదు కాబట్టి నేను సిగ్గుతో నటిస్తున్నాను. మా కెప్టెన్ కోటేశ్వరరావు అయితే మా గుమ్మం ముందు నుంచే సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు, తల తిప్పేవాడు కాదు.

మామిడి కోతల రోజుల్లో ఒక పెళ్ళివారి మైకు భరించలేక ఇంట్లోంచి పారిపోయి, ఊరి చివర తోటలో దూరాను. పెద్ద రసాల చెట్టు కింద చీకటిగా ఉంది. కండువా కళ్ళకు కప్పుకుని కూర్చున్నాను. ఎంతసేపటికో ఎవరో ఎదుట నిలబడ్డట్టనిపించింది.

"ఎవరబ్బాయివి?"

చెప్పాను. తోట సీతారావమ్మ గారిదని అప్పుడు గుర్తొచ్చింది. భర్త పోయాక ఎనిమిదెకరాల తోట ఒక్కతే చూసుకునే మనిషి. తిడుతుందని లేవబోయాను.

"కూర్చో. వెలుతురు గుచ్చుకుంటోందా?" అంది. గొంతు బాగా తగ్గించింది.

"అవునండీ."

"నొప్పి ఒకవైపా, రెండువైపులా?"

"రెండువైపులానండీ."

"నాకు ఒకవైపే. పదిహేనో ఏట మొదలైంది. పని ఎగ్గొట్టడానికని మా అత్తగారు, ఆవిడ పోయాక మా ఆడబిడ్డలు, అందరూ అదే మాట." నా ఎదుట కూర్చుని, "నీదెప్పటినుంచి?" అంది.

నాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

మర్నాటి నుంచి ఆవిడ దగ్గర పనిలో కుదిరాను. ఆవిడ మామిడి అంట్లు కట్టి అమ్మేది. టెంక మొలిపించిన కుండీని తల్లిచెట్టు కింద మంచె మీద పెట్టి, మొక్క కాండాన్నీ చెట్టు కొమ్మనూ కొంచెం చెక్కి, రెండూ కలిపి అరటినారతో కట్టాలి. రెండు మూడు నెలలకు అతుక్కుంటాయి. నీడలో చేసే పని, చప్పుడు లేని పని. కానీ తోటలోకి వచ్చే కూలీలకు నన్ను చూస్తే నవ్వులాట. "ఏం శ్రీనూ, ఏ వైపు పోవాలో తెలుసా?" అని అరిచేవారు. ఆ అరుపుకు ఆ రోజంతా పోయేది నాకు. మూడో రోజు సీతారావమ్మ గారు పాత పంచె చింపి, దాని మీద కాస్త పసుపునీళ్ళు చల్లి, నా నుదుటి చుట్టూ కట్టింది.

"దెబ్బేమీ లేదు కదండీ పిన్నిగారూ," అన్నాను.

"ఉంది. వాళ్ళకి కనపడట్లేదు, అంతే. ఇప్పుడు కనపడుద్ది."

నేను నమ్మలేదు. మధ్యాహ్నం కూలీలు వచ్చారు. ముందున్నామె నా తల చూసి ఆగింది. "అయ్యో, ఏమైందయ్యా?" అని గుసగుసగా అడిగింది. వెనకున్నవాళ్ళకు చెయ్యి ఊపి నెమ్మదిగా రమ్మంది. బుట్టలు చప్పుడు కాకుండా దించారు. చిరిగిన పంచెముక్క చేసిన పని అది. సీతారావమ్మ గారు తలవంచుకుని నార చీలుస్తోంది. పెదవుల చివర నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

ఆవిడ నాకు జాలి చూపించలేదు. మతిమరుపుకు ఒక పద్ధతి చెప్పింది, నీళ్ళు పోసిన ప్రతి వరసకూ మొలతాడుకు కట్టుకున్న నారలో ఒక ముడి వెయ్యమంది. ముడి మరిచిపోయి ఒకే వరసకు రెండుసార్లు పోస్తే, "మొక్కల్ని ఈత నేర్పడానికి తెచ్చావా?" అనేది. నొప్పి వచ్చాక కూర్చుంటే మాత్రం కోప్పడేది. "వచ్చాక కూర్చోవడం కాదు, రాకముందు కూర్చో. పదిహేను కుండీలు, ఆపు. బాగున్నా ఆపు." ఆట మైదానంలో పెరిగినవాడికి బాగున్నప్పుడు ఆగడం కన్నా కష్టం లేదు. అతుక్కున్న అంటును వేరు చెయ్యడం కూడా ఆవిడే నేర్పింది. కొమ్మను ఒకేసారి కొయ్యనిచ్చేది కాదు. సగం కోసి వారం పది రోజులు వదిలెయ్యాలి, మొక్క వాడకపోతే మిగతా సగం కొయ్యాలి.

ఇదంతా చదివి ఆ రోజులు హాయిగా గడిచాయనుకోవద్దు. ఆవిడకు మాటలు తక్కువ, నాకూ ఓపిక తక్కువ. సాయంత్రమైతే చెరకుతోటల అవతలి మైదానంలోంచి కూత వినపడేది. ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకునేవాణ్ణి. నా వంతు వచ్చేచోట ఇంకొకడి గొంతు వినిపించేది. స్నేహితుడంటూ ఒక్కడు కూడా ఆ తోటలోకి రాలేదు. ఏడాదిన్నర.

అప్పుడు కోటేశ్వరరావు వచ్చాడు. మంచె పక్కన నిలబడి, నా తలగుడ్డ వైపు చూడకుండా మాట్లాడాడు. "స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలకి తీసుకుంటున్నారంటరా. ఎల్లుండి ఏలూరులో సెలక్షన్లు. నీలాగా కూత పెట్టేవాడు లేడు. ఆ గుడ్డ తీసేసి రా, చాలు."

నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఉద్యోగం వస్తే నెలజీతం, అంతకన్నా ముఖ్యం, ఊరు నోరు మూసుకుంటుంది. ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. సీతారావమ్మ గారితో చెప్పాను.

"వెళ్ళు. నిన్నేమన్నా నారతో కట్టేశానా?" అంది. చేతిలో పని ఆపలేదు. కాసేపటికి, "గుడ్డ జేబులో పెట్టుకో. ఎండెక్కువ," అంది.

సెలక్షన్ల రోజు కోటేశ్వరరావు వాళ్ళు ముందు బస్సుకే వెళ్ళిపోయారు. నేను తర్వాతి బస్సుకు ఒక్కణ్ణే బయలుదేరాను. హనుమాన్ జంక్షన్‌లో దిగాను. నాలుగు వైపులా బస్సులు, లారీల హారన్లు, కొబ్బరిబోండాల బండి రేకుమీద ఎండ. ఆ రేకు మెరుపు కళ్ళలో పడింది. అంతే. ఎక్కడికి పోవాలో బుర్రలోంచి పోయింది. కండక్టర్లు "ఏలూరు, ఏలూరు" అనీ, "బెజవాడ, బెజవాడ" అనీ అరుస్తున్నారు. రెండూ నాకు తెలిసిన పేర్లే. ఏది నేను వెళ్ళాల్సిందో, అసలు ఎటునుంచి వచ్చానో తెలియలేదు. విస్సన్నపేట గీతల మధ్య నిలబడ్డట్టే నిలబడ్డాను. ఈసారి నవ్వడానికి కూడా ఎవరూ లేరు. అంతమంది నడిచిపోతూ నన్ను తోసుకుంటూ వెళుతున్నారు. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఆ గుడ్డ తీసి నేనే కట్టుకున్నాను. అప్పటిదాకా ఆవిడే కట్టేది. కట్టుకుంటుండగానే అర్థమైంది, ఇది కట్టుకున్నాక ఇక ఏలూరు లేదని. టీకొట్టు ముసలాయన చూసి చెయ్యి పట్టుకుని నీడన కూర్చోబెట్టాడు. "ఏ ఊరు బాబూ?" అని అడిగాడు. ఊరి పేరు గుర్తుకు రాలేదు. మొలతాడుకున్న నార ముళ్ళు తడుముకున్నాను. పదిముళ్ళున్నాయి. నిన్న సాయంత్రం పదో వరస దాకా నీళ్ళు పోశానని గుర్తొచ్చింది, తోట గుర్తొచ్చింది, అప్పుడు ఊరు పేరు వచ్చింది. ఆయనే మా ఊరి మీదుగా పోయే నూజివీడు బస్సెక్కించాడు.

తోటకు వచ్చేసరికి పొద్దు వాలింది. సీతారావమ్మ గారు మంచె మీద కుండీలు సర్దుతోంది. నన్ను చూసింది. దగ్గరికి పిలిచి, నా తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టింది.

"ముడి వెనక్కి వెయ్యకూడదు, పడుకుంటే గుచ్చుకుద్ది. పక్కకి వేసుకోవాలి." కట్టడం అయ్యాక, "పదకొండో వరసకి నీళ్ళు పెట్టలా ఇంకా," అంది.

నీళ్ళు పోస్తూ ఏడ్చాను. ఆవిడ అటు తిరిగి పని చేసుకుంది.

తర్వాత పదేళ్ళకు పైగా ఆవిడ దగ్గరే ఉన్నాను. నా నొప్పి పోలేదు, తగ్గింది. ఒకసారి ఆవిడ పంపుషెడ్డులో చెంగు కళ్ళకు కప్పుకుని పడుకుని ఉంది. ఇంతమందికీ కనపడేలా నాకు కట్టిన మనిషి తనకెప్పుడూ కట్టుకోలేదని నాకు అప్పుడు తట్టింది. అడక్కుండానే పంచెముక్క చింపి, పసుపునీళ్ళు చల్లి, ఆవిడ నుదుటికి కట్టాను. ముడి పక్కకి వేశాను. వద్దంటుందనుకున్నాను, అనలేదు. కాసేపటికి ఆవిడ ఆడబిడ్డ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "అయ్యో వదినా, ఏమైంది? ఎక్కడ తగిలింది?" అని మెల్లగా అడిగింది. నలభై ఏళ్ళ తర్వాత అడిగింది. సీతారావమ్మ గారు కళ్ళు తెరవలేదు. మూసిన కళ్ళ కిందనుంచి నీళ్ళు జారి ఆ గుడ్డలోకి ఇంకాయి.

ఆవిడ పోయి చాలాకాలమైంది. నేను ఇప్పటికీ అంట్లు కడతాను, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టీలతో. బాగున్నా ఆగుతాను. పంచెముక్క ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది.

మొన్న పూలకొట్టు దగ్గర ఆ పాటకు తలనొప్పి మొదలవుతోందని తెలిసి, రాకముందే మెట్టు మీద కూర్చున్నాను. "ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి. "తలనొప్పమ్మా, చప్పుడు పడదు," అన్నాను. ఆమె వెంటనే పాట ఆపేసి, కొట్టు మీది గొడుగు నా వైపు తిప్పి, మళ్ళీ దండ కట్టసాగింది. గుడ్డ జేబులోనే ఉంది. నా తలకు ఏ కట్టూ లేదు, ఉత్త మాట మీద ఆపింది. వెంటనే తోటకు వెళ్ళి సీతారావమ్మ గారికి ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆవిడ లేదు కదా, అలాగే కూర్చుండిపోయాను.