అవ్వ పేరు మీద రెండు ట్యాంకులు

ఎండలో కాగిన ప్లాస్టిక్‌కు ఒక వాసన ఉంటుంది. మొన్న తెలిసినవాళ్ల మేడ మీద కొత్త ట్యాంకు బిగిస్తుంటే చూడటానికి వెళ్లి, అలవాటుగా దాని పొట్ట మీద వేళ్ల కణుపులతో కొట్టాను. పైన బోలుగా మోగింది. చేయి కిందికి దిగేకొద్దీ చప్పుడు బరువెక్కింది. నీళ్లు అక్కడిదాకా ఉన్నాయన్నమాట. ఆ వాసన, ఆ చప్పుడు కలిసి వచ్చినప్పుడల్లా నాకు రాజక్క గుర్తుకొస్తుంది. ఆమె కొడితే చప్పుడుతో పాటు గాజులు కూడా వినపడేవి.

గోదావరిఖనిలో బస్టాండుకు పోయే దారిలో ఆమెకు నీళ్ల ట్యాంకుల దుకాణం ఉండేది. భర్త పోయాక తానే నడిపింది. పదో తరగతి దాటని నన్ను లెక్కలు చూడటానికి పెట్టుకుంది. ఇంట్లో ఎందరు, మనిషికి ఎన్ని నీళ్లు, నల్లా ఎన్నాళ్లకొకసారి వస్తుంది, ఇవన్నీ గుణించి ఎంత ట్యాంకు కావాలో చెప్పడం నాకు నేనుగా నేర్చుకున్నాను. సిమెంటుదానిలో నీళ్లు చల్లగా ఉంటాయి కానీ కట్టినచోటు నుంచి కదలదు, అదిరితే పగులుతుంది. ఇనుపది గట్టిదే, తుప్పు పడుతుంది. ప్లాస్టిక్‌ది తేలిక, ఎండకు నీళ్లు కాగుతాయి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. రాజక్క మాత్రం వచ్చినవాళ్లను మొదట వేరే ప్రశ్న అడిగేది.

ఒకసారి బొగ్గుగని కంపెనీ క్వార్టర్లో ఉండే ఒకాయన వచ్చి, దుకాణంలోకెల్లా పెద్ద ట్యాంకు కావాలన్నాడు.

“ఎన్నేండ్లుంటవ్ బావా ఆ క్వార్టర్ల?” అంది రాజక్క.

“ఇంకో మూడేండ్లకు రిటైరైత.”

“మరి పోయేటప్పుడు గోడ కూలగొట్టి తీస్కపోతవా? గా గేట్లకెల్లి నువ్వే అడ్డం తిరిగి బయటికొస్తవ్.”

ఆయన భారీ మనిషి. పొట్ట అదిరేలా నవ్వి, చిన్నది తీసుకుపోయాడు. పెద్దది అమ్ముడుపోయేది కదా అని నేను సణిగితే, “నువ్వు మనుషుల లెక్క తీస్తవ్ తమ్మీ, మంచిదే. ఆ మనుషులు ఆడ ఎన్నొద్దులుంటరో గది గూడ లెక్కల వెయ్యాలె” అంది.

ఆ ప్రశ్న ఒకనాడు ఆమె మీదికే వచ్చింది. ఆమె పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల పక్కనే. మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడితే ఇళ్ల గోడలు అదిరేవి. గని కోసం ఊరిని లేపి వేరేచోటికి పంపుతారని అందరూ అనేవాళ్లు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. చనిపోయిన తల్లి పేరు మీద ఊరికి మంచినీళ్ల ట్యాంకు ఇస్తానని రాజక్క మాట ఇచ్చింది. ఆ సంగతి మాట్లాడటానికి ఆమె అన్న ఓదెలన్న దుకాణానికి వచ్చాడు. ఎత్తు గద్దె మీద సిమెంటు ట్యాంకు కట్టించి, దాని మీద అవ్వ పేరు చెక్కించాలని ఆయన కోరిక. నేను నా లెక్క ముందు పెట్టాను. బ్లాస్టింగ్‌కు సిమెంటు నెర్రెలు పడుతుందన్నాను. ఒక పెద్ద ట్యాంకు బదులు ట్రాక్టర్లో పట్టే కొలతవి రెండు ప్లాస్టిక్‌వి పెడితే ఒకటి కడిగేటప్పుడు ఇంకొకటి నీళ్లిస్తుందన్నాను. ఆయన ఓపికగా విన్నాడు.

“లెక్క మంచిగనే ఉన్నది తమ్మీ. సరిగ్గ ట్రాక్టర్ల పట్టేటివే ఎందుకో గది చెప్పు.”

నేను అక్క వైపు చూశాను. ఆ కొలత ఆమె చెప్పిందే.

“రేపు ఊరు లేస్తే తీస్కపోవచ్చన్నా,” అంది తల ఎత్తకుండా. “కొత్త జాగల నీళ్లు ఎవలిస్తరు?”

“ఊరంత ఇక్కడ్నే ఉంటమని కొట్లాడుతున్నది. ఊరి ఆడిబిడ్డవు నువ్వు మా కంటె ముందుగాల మూట కడుతున్నవ్.”

“సిమెంటుది కడితే ఊరు ఆగుతదా అన్నా?”

“ఆగదు. ఉన్నన్నొద్దులన్న ఊరు లెక్క ఉంటది.”

ఆయన చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

రాజక్క ప్లాస్టిక్‌వే పంపింది. ఊరు ఆ నీళ్లు తాగింది కానీ, ఆ ఏడు బతుకమ్మకు ఓదెలన్న చెల్లెను పుట్టింటికి తోలుకపోవడానికి రాలేదు. దుకాణం వెనక చాప వేసుకుని ఆమె తంగేడు, గునుగు పూలు పేర్చుకుంటూ ఉంది. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా ఆమె చేయి ఆగేది. చూడలేక, “ఇప్పటికైన సిమెంటుది కట్టియ్యరాదక్కా” అన్నాను.

“కట్టిస్తే అన్న రేపే వస్తడు. నాకెర్కే,” అంది. “తర్వాత ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఏడికి పోవాలె తమ్మీ?”

మరుసటి పండుగకూ పిలుపు రాలేదు. ఆమె ఎదురుచూడటమూ మానలేదు, తన మాటా మార్చుకోలేదు.

ఆ తర్వాత ఊరు లేచింది. ఒక పొద్దున ఓదెలన్న వచ్చి దుకాణం మెట్ల కిందే నిలబడ్డాడు.

“చెల్లె, ఆ డబ్బలు దించాలె. ఎట్ల దించాలెనో మాకు తెల్వది.”

నేనూ వాళ్లతో వెళ్లాను. తలుపులు, వాసాలు ఊడదీసిన ఇళ్ల మధ్య రాజక్క తన పుట్టింటి వైపు ఒక్కసారే చూసి పనిలో పడింది. ట్రాక్టర్లో గడ్డి పరిపించి, ట్యాంకులకు తాళ్లు కట్టించింది. కొత్త జాగాలో ఇంకా నల్లాలు లేవు, నీడ లేదు. అక్కడ రాళ్లేరి, నేల చదును చేసి ట్యాంకులు నిలబెట్టాం. నీళ్ల లారీ వచ్చి నింపిపోయింది. ఆడవాళ్లు బిందెలతో వరుసకట్టేలోపే ఓదెలన్న ఒక చెంబు పట్టి చెల్లె చేతికిచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి ఆగింది.

“ఏడిగున్నయన్నా,” అంది. “సిమెంటుదైతే సల్లగుంటుండె.”

అన్నాళ్లూ ఆమెకూ అదే కావాలని ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఓదెలన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

“తాగు తాగు. పండుగకు నేనే వస్త, తయారుండు.”

రాజక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ దుకాణం ఇప్పుడు లేదు. ట్యాంకు గురించి సలహా అడిగినవాళ్లను ఎన్నేళ్లుంటారని నేనూ అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు ఎటో చూస్తారు. నా మేడ మీద ఉన్నది ప్లాస్టిక్‌దే. కానీ గేటు పక్క వేపచెట్టు నీడలో, మూత, నల్లా పెట్టించి ఒక చిన్న సిమెంటు ట్యాంకు కట్టించాను. ఏ లెక్కన చూసినా అది తప్పే. ఏటా నెర్రె పడుతుంది, ఏటా ఎండలు ముదరకముందే పూడ్చుకుంటాను. షిఫ్టు దిగి పోయేవాళ్లు ఆగి తాగి, “సల్లగున్నయే” అంటారు. పొద్దున్నే పట్టిన మొదటి చెంబును మాత్రం నేను అక్క పేరు చెప్పి గోడ మీద పెడతాను. కాసేపయ్యాక దాన్ని వేపచెట్టుకు పోస్తాను.