ఆముదం పట్టించిన ఛాతీ

ఏడో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. మానేశానని నేనంటాను గానీ, మా సైన్సు మాస్టారిని అడిగితే బడికి పట్టిన పీడ వదిలిందని చెబుతారు. గుండె ఎడమ పక్కన ఉంటుందన్నదొక్కటే సైన్సులో నాకు మిగిలిన చదువు. నలభై దాటాక, కోల్డ్ స్టోరేజీ షెడ్డులో రబ్బరు బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, "అక్కడ కాదు బాబూ, మధ్యలో నొక్కాలి" అని ఒక డాక్టరమ్మ చెప్పేసరికి అదీ పోయింది.

అప్పట్లో మా వినుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఒక కొత్త ఏర్పాటును పరీక్షించి చూస్తున్నారు. ఎవరైనా గుండె ఆగి పడిపోతే అంబులెన్సుకి ఫోన్ చేస్తాం కదా, ఆ ఫోన్ వెళ్లగానే దగ్గర్లో శిక్షణ తీసుకున్నవాళ్ల ఫోన్లు కూడా మోగుతాయి. కోల్డ్ స్టోరేజీ డాబా మీద నుంచి ఒక డ్రోన్ లేచి, షాక్ ఇచ్చే పెట్టెను తాడుతో దించి పోతుంది. పెట్టె తెరిస్తే ఏం చేయాలో అదే తెలుగులో చెబుతుంది. మా చేలకు మందు కొట్టేది డ్రోన్లే కాబట్టి దాన్ని చూసి ఎవరూ నోరు తెరవలేదు. మిరపకాయ గోతాలు గుంటూరు యార్డుకి తోలే ట్రాలీ ఆటో నాది. ఎప్పుడూ కళ్లాల దగ్గరే తిరుగుతాను, ఫోన్ చెవి దిగదు. అందుకని నన్నూ శిక్షణకి ఎంచుకున్నారు.

చూద్దామని మా బావ కూడా వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు, కాయ తొక్కే ముఠాకి మేస్త్రి. ఎండిన మిరపకాయని గోతంలో పోస్తే ఊరికే నిండిపోతుంది. మనిషి లోపలికి దిగి కాళ్లతో తొక్కితేనే సరుకు పడుతుంది. నేను బొమ్మ ఛాతీ నొక్కుతుంటే వెనక నుంచి బావ గొంతు.

"ఏరా, ఇందాకటి దాకా అది బాగానే ఉంది. నువ్వు ముట్టుకున్నాకే పోయినట్టుంది."

డాక్టరమ్మ కూడా నవ్వింది.

"నీకొస్తే నన్ను పిలవొద్దులే బావా" అన్నాను.

"నేనెట్లా పిలుస్తాన్రా, మీ అక్క పిలుస్తుంది."

తొక్కుడుకి దిగే ముందు ముఠా వాళ్లంతా ఒంటికి ఆముదం పట్టిస్తారు. మెడకీ, ఛాతీకీ, కాళ్లకీ, వేళ్ల సందులకీ. నూనె లేకపోతే ఘాటు చర్మంలోకి దిగి, ఎన్ని నీళ్లు పోసుకున్నా చల్లారదు. కొబ్బరినూనె చెమటకి కారిపోతుంది, ఆముదమైతే అంటిపెట్టుకుని ఉంటుంది. బావకి వీపుకి రాసేది అక్కే. అదే కళ్లంలో ఆడవాళ్లతో కలిసి, రంగు పోయిన తాలు కాయ ఏరేది ఆమె.

ఎండలు ముదిరిన రోజులవి. ఆ పొద్దున బావ ఛాతీ రుద్దుకుంటూ అక్కతో "మండుతోందే" అన్నాడు. అక్క మజ్జిగ ఇచ్చింది. ఎవరైనా అదే ఇస్తారు. మా పనిలో మంట అంటే రోగం గుర్తుకు రాదు, కూలితో పాటు ఇంటికొచ్చేదే అది. చెమట పోస్తే ఎండ అనుకుంటాం, ఆయాసమొస్తే కాయ ఘాటు అనుకుంటాం. బావ మజ్జిగ తాగి మళ్లీ గోతంలోకి దిగాడు. తొక్కుతూ తొక్కుతూ అందులోనే కూలబడ్డాడు.

"లే మేస్త్రీ, చాల్లే వేషాలు" అన్నాడు పక్క గోతంలో వాడు.

గోతం ఒరిగింది. బావ దాంతో పాటే ఒరిగాడు.

గోతాలు ఎక్కించుకోవడానికి వచ్చిన నేనూ, ముఠా వాళ్లూ కలిసి గోతం కోసి బయటికి లాగాం. పలకలేదు, ఊపిరి లేదు. అక్క అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆమె ఊరి పేరు చెప్పీ చెప్పకముందే నా జేబులో ఫోన్ కూత పెట్టింది, మీ దగ్గర్లో ఒకరికి గుండె ఆగింది అని. ఆ ఒకరు నా చేతుల కిందే ఉన్నాడు. నొక్కడం మొదలుపెట్టాను, మధ్యలోనే.

డ్రోన్ ఇంతలోనే వచ్చేసింది. పిలిస్తే అంత త్వరగా వచ్చింది మా ఊళ్లో ఇంకోటి లేదు, లైన్‌మన్ అయినా, ఎమ్మెల్యే అయినా. దాని గాలికి ఎండబోసిన కాయ మీది కారమంతా లేచింది. కళ్లంలో ఉన్నవాళ్లందరం దగ్గుతుంటే పెట్టె మెల్లగా నేలకి దిగింది.

ముఠాలో ఒకణ్ని నొక్కమని చెప్పి పెట్టె తెరిచాను. ఆడగొంతు, వార్తలు చదివినట్టు నిదానంగా చెప్పింది: "రోగి ఛాతీపై పట్టీలను అతికించండి." అతికించాను. జారిపోయాయి. మళ్లీ అదుముకుంటూ అతికించాను. ఆముదం మీద చేపపిల్లల్లా జారాయి. తువ్వాలుతో తుడిచాను. ఆముదం తుడిస్తే పోతుందా, ఇంకాస్త పాకుతుంది. అక్క కొంగుతో రుద్దింది. జిడ్డు పీలుస్తుందని ఎవరో ఇంత మట్టి తెచ్చారు. పెట్టెకి మాత్రం విసుగు లేదు.

"పట్టీలను అతికించండి."

"అంటుకోవట్లేదు తల్లీ" అని అక్క దానికి జవాబు చెప్పింది.

షెడ్డులో ఆ రబ్బరు బొమ్మకి ఎవరూ ఆముదం రాయలేదు.

బట్టల సబ్బు తెచ్చి కడిగి, తడి తుడిచి, పెట్టెలో ఉన్న రెండో జత పట్టీలు తీశాను. అవి అంటుకున్నాయి. అందరినీ దూరం జరగమంది పెట్టె. కాసేపు ఆలోచించి, "షాక్ అవసరం లేదు, ఛాతీ నొక్కడం కొనసాగించండి" అంది. తాలు ఏరే ఆడవాళ్లలో ఒకామె "హమ్మయ్య, అవసరం లేదంట" అని అక్క భుజం పట్టుకుంది. గుండె కాస్తయినా అదురుతుంటేనే షాక్ పనిచేస్తుందనీ, పూర్తిగా ఊరుకుంటే దానివల్ల కూడా కాదనీ శిక్షణలో చెప్పారు. ఆ కళ్లంలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. లేటు వయసులో చదువుకున్నందుకు నాకు దక్కింది అదే. ఎవరికీ చెప్పకుండా అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. వాళ్లు వచ్చి చూసి, నా చేతులు పట్టుకుని ఆపారు.

సమాధి దగ్గర నుంచి వస్తూ అక్క ఒకటే అడిగింది: "నూనె రాసింది నేనే కదరా?" ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నోరు నాది. అప్పుడు మాత్రం ఆమెను ఆటో ఎక్కించి బండి తీశాను.

చర్చిలో బావ కోసం పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక, ఆ డ్రోన్ ఏర్పాటు చూసే ఆయన ఇంటికొచ్చాడు. మంచి మనిషే, కుర్చీ వేసినా కూర్చోలేదు. "డ్రోన్ మేం అనుకున్నదానికంటే ముందే చేరిందండీ" అన్నాడు.

"అవునండి. మా బావే తొందరపడ్డాడు" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. ఇకనుంచి పెట్టెలో తుడిచే గుడ్డలు పెడతామన్నాడు. అయినా ఆముదం అంత తేలిగ్గా పోదు కాబట్టి, ఛాతీకి నూనె రాసుకోవద్దని ముఠాలకి చెప్పాలట. "మీరు చెబితే వింటారు" అని నామీద పెట్టాడు.

కళ్లానికి వెళ్లాను. అక్క అప్పటికే పనిలోకి వచ్చేసింది. ముఠా వాళ్లు గిన్నె చుట్టూ కూర్చుని ఆముదం పట్టించుకుంటున్నారు. మేస్త్రి మాత్రం కొత్తవాడు. చెప్పాల్సింది చెప్పాను. ఒకడి చెయ్యి ఛాతీ మీద ఆగిపోయింది. అందరూ అక్క వైపు చూశారు. ఆమె తాలు ఏరుతూనే, తలెత్తకుండా అంది:

"ఆ మాట మాకెందుకురా, మీ పెట్టెకి చెప్పు. పొద్దున్నుంచి మాపటిదాకా గోతంలో దిగి తొక్కమను. ఆముదం అడగకుండా ఎంతసేపుంటుందో నేనూ చూస్తా."