కంగారమ్మ కునుకు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ కంగారమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, కట్టుకున్న మొగుడే. పెళ్లయిన కొత్తలో సినిమాకు తీసుకెళ్తే, తెరమీద హీరో గుర్రమెక్కగానే "అయ్యో, పడిపోతాడేమోనండీ!" అని ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదట. ఆ ముచ్చట ఆయన కనబడినవాళ్లందరికీ చెప్పాడు. పేరు అతుక్కుపోయింది.

పని మాత్రం బంగారం. ఏళ్ల తరబడి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్లు వేసుకునే ఆకుపచ్చ గౌన్లు ఏవైనా సరే, ఆమె మడత పెడితే స్కేలుతో గీత గీసినట్టుండేది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు మాత్రం ఊరిమీద పడి తిరిగేది. గ్యాస్ కట్టేశానా? పిల్ల బడికి చేరిందా? మొగుడు బస్సు డిపోలో మెకానిక్. బస్సు కింద దూరినప్పుడు జాకీ జారితే? ఆదివారం చర్చిలోనూ అదే వరస. పెదాలు పాట పాడేవి, చెయ్యి సంచీలో తాళంచెవిని తడుముతూ ఉండేది.

ఆమెకు నాలుగడుగుల దూరంలో, బట్టలుతికే పెద్ద మిషను దగ్గర ఒకావిడ పనిచేసేది. లాండ్రీలో అందరికీ పెద్దక్క. ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయి చాలా ఏళ్లయింది. అయినా మిషను రొదలో రొదగా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉండేది. కంగారమ్మకు అది ఎంతకీ అర్థమయ్యేది కాదు.

ఒక ఏడాది మొగుడి గొంతు బొంగురుపోయింది. "ఇన్నాళ్లూ నువ్వు కంగారుపడ్డావు, ఇప్పుడు నా గొంతుకు పట్టుకుంది" అని ఆయన నవ్వేశాడు. డాక్టరు నవ్వలేదు. గొంతులో గడ్డ ఉందన్నాడు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు, వారం ఆగమన్నాడు.

రెండో రోజే డాక్టరుగారి గౌను మాడ్చేసింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. గౌను చేతిలో పట్టుకుని, ఉతకాల్సిన దుప్పట్ల కుప్పమీద కూలబడి భోరుమంది. పెద్దక్క మిషను ఆపి వచ్చింది.

"ఏమయిందే?"

"గౌను కాలిందక్కా."

"గౌనుకింత ఏడుపా?"

అంతే, మనసులో ఉన్నదంతా బయటికొచ్చింది. చెప్పి చెప్పి, చివరికి ఆమే అడిగింది: "అంత దెబ్బ తిన్నావు, అయినా పాడుకుంటూ తిరుగుతావు. నీకు భయం వెయ్యదా అక్కా?"

"ఎందుకు వెయ్యదూ? నేనేమైనా రాయినా? వేసినప్పుడల్లా ప్రభువుకి చెప్పేస్తాను. నువ్వు రోజంతా ఇస్త్రీపెట్టెతో చెప్పుకుంటావు. అదే తేడా."

"నేనూ ప్రార్థన చేస్తున్నానుగా!"

"చేస్తావు. అన్నీ ఆయన చేతిలో పెడతావు, ఆమేన్ అనగానే మళ్లీ లాక్కుంటావు."

కంగారమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాటినుంచి ఒక్కో గలీబుకు ఒక్కో భయం చొప్పున ప్రభువుకు అప్పగించడం మొదలుపెట్టింది. మొదట్లో అది ప్రార్థనలా లేదు, తగాదాలా ఉంది. "ప్రభువా, మా ఆయన గొంతు సంగతి చూడు. చూస్తున్నావా? నిజంగానే చూస్తున్నావా?" వెలుగేమీ కనబడలేదు, ఏ స్వరమూ వినబడలేదు. ఐదో రోజు, చేతిలో గలీబు ఉండగా, చిన్నప్పటినుంచి వింటున్న సంగతే గుర్తొచ్చింది. సముద్రంలో తుఫాను, శిష్యుల కేకలు, దిండుమీద తల పెట్టుకుని పడవలో నిద్రపోతున్న ప్రభువు. విన్నప్పుడల్లా ఆమె శిష్యుల పక్షమే. అంత గాలిలో నిద్రేమిటని ఆయనమీద లోలోపల కాస్త కోపం కూడా. ఆ రోజు మాత్రం, 'ఆయనున్న పడవలోనేగా నేనూ ఉన్నాను' అనిపించింది. భయం పోలేదు. కానీ ఈత రానివాడికి కాలికింద నేల తగిలినట్టయింది. మెల్లగా ఊపిరి పీల్చుకుని గలీబు మడత పెట్టింది.

పరీక్షలో చెడ్డ కబురే వచ్చింది. ఆపరేషను చెయ్యాలన్నారు. ఆ ఉదయం స్ట్రెచరు మీద పడుకుని మొగుడు గుసగుసగా అన్నాడు: "లోపల నన్ను డాక్టర్లు చూసుకుంటారు. బయట నిన్నెవరు చూసుకుంటారే?"

"చూసుకునేవాడున్నాడు లెండి. మీరు ధైర్యంగా వెళ్లి రండి."

తలుపులు మూసుకున్నాక బెంచీమీద కూర్చుని, చెప్పాల్సిందంతా ప్రభువుకు చెప్పింది. తర్వాత పక్కనే ఉన్న పెద్దక్క భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. బస్సులో కూడా రెప్ప వాల్చని మనిషి! నాలుగు గంటల తర్వాత డాక్టరొచ్చి, అంతా బాగా జరిగిందని చెప్పడానికి ఆమెను తట్టి లేపాల్సివచ్చింది.

పెద్దక్క నోట్లో నువ్వుగింజ నానుతుందా? సాయంత్రానికల్లా ఆ నిద్ర సంగతి లాండ్రీ అంతటికీ తెలిసిపోయింది, తర్వాత మొగుడికీ తెలిసింది. మాట రాని ఆ రోజుల్లో ఆయన కాగితంమీద రాసి చూపించాడు: "వాళ్లు నా గొంతు కోస్తుంటే నువ్వు నిద్రపోయావా?"

ఆమె సిగ్గుపడిపోయింది. "మిమ్మల్ని ఆయన చేతిలో పెట్టాను. ఇంక నేను మేలుకుని చేసేదేముందండీ?"

ఆయన కాగితం లాక్కుని కింద ఇంకో ముక్క రాశాడు: "గురక కూడా పెట్టావట."

గొంతు గరగరలాడుతూ తిరిగొచ్చింది. ఆ గొంతుతోనే ఆరేళ్లు చర్చిలో ఆమె పక్కన నిలబడి పాడాడు. ఒక మధ్యాహ్నం డిపోనుంచి వచ్చి, నీళ్లు తాగి కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవలేదు.

ఆమె గుండెలవిసేలా ఏడ్చింది. వారం తిరక్కుండా పనిలోకొచ్చింది, గలీబుల దగ్గర మళ్లీ ఏడ్చింది. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతురికి తల్లి పోలికే వచ్చింది. రోజుకు ఐదుసార్లు ఫోను.

"అమ్మా, ఒక్కదానివే ఎలా ఉంటున్నావే? నాకిక్కడ కాళ్లూ చేతులూ ఆడటంలేదు."

"ఏడుపొచ్చినప్పుడు ఏడుస్తున్నానే. మీ నాన్న లేని లోటు లోటే, అది తీరదు. కానీ ప్రభువు నన్ను మునగనివ్వడంలేదు. ఆపరేషను రోజు ఎలా పట్టుకున్నాడో, ఇవాళా అలాగే పట్టుకున్నాడు."

"నిజంగానా? నా కోసం చెప్తున్నావా?"

"నీకోసం అబద్ధమాడటానికి నువ్వేమైనా చిన్నపిల్లవా? ఉండు, బస్సొచ్చింది. ఎక్కాక మాట్లాడతాను."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోను మళ్లీ మోగితే, నవ్వుకుంటూ ఎత్తింది.